అమ్మ చెప్పే ఆఖరి రీలు

నాకు అనుమానం జాస్తి. ఇందులో దాచుకోవడానికేమీ లేదు, మా స్టాఫ్‌రూంలో ఎవరినడిగినా చెబుతారు. నర్సీపట్నంలో హైస్కూలు పిల్లలకి ఇరవై ఏళ్ళకు పైగా సోషల్ చెబుతున్నాను. పరీక్షల్లో నా డ్యూటీ పడిందంటే ఆ గదిలో పిల్లలు ముందే నీరుగారిపోతారు. ఎవడి చొక్కా చేతిమడతలో ఏముందో, ఎవరి జామెట్రీ బాక్సు మూతలో ఏం రాసుందో నాకు గుమ్మంలోనే తెలిసిపోతుంది. పాలవాడి పాలనీ, పళ్ళబండివాడి తియ్యదనాన్నీ, "దారిలో ఉన్నా, వచ్చేస్తున్నా" అని మా ఆయన ఫోనులో చెప్పే మాటనీ, దేన్నీ నేను ఒక పట్టాన నమ్మను. అలాంటిదాన్ని పోయిన ఏడాది కొన్ని నెలలపాటు మా అమ్మని అనుమానించాను. ఆ సంగతి చెప్పుకుంటే తప్ప నాకు నిద్ర పట్టేలా లేదు, అందుకే రాస్తున్నాను.

నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉంటోంది. డెబ్బై ఆరేళ్ళు. పుట్టింది మాకవరపాలెం దగ్గర ఓ పల్లెలో, చదివింది ఐదో తరగతి. మా ఇంట్లో వంటిల్లు ఆవిడదే. ఆ తర్వాత ఆవిడకి ఈ లోకంలో ఇష్టమైన పని పాత సినిమాలు చూడమని జనానికి చెప్పడం. మా వీధిలో ఎవరు దొరికినా సరే, కూరగాయలమ్మినా, కరెంటు రీడింగు తీసే అతనైనా, "ఆ సినిమా సూసేవా?" అని మొదలుపెడుతుంది. అన్నీ నలుపు తెలుపువే. అన్నీ తన పెళ్ళికి ముందు నర్సీపట్నం వచ్చి హాల్లో చూసినవే. పెళ్ళయ్యాక చూసినవి మాత్రం ఎవరికీ చెప్పదు. "తరవాత సినిమాలు పాడైపోనాయి" అంటుంది.

మంచి సినిమాకి ఆవిడ లెక్కలు ఆవిడకున్నాయి. "ఆడోళ్ళ సేతులు కాళీగా ఉండకూడదే. మొగుడితో దెబ్బలాడుతున్నా సేటలో బియ్యం ఏరాల. ఆడు అనకూడని మాటొకటి అంటాడు సూడు, అప్పుడు ఆ సెయ్యి ఆగాల. కళ్ళేడవడం కాదు, సెయ్యేడవాల" అంటుంది. వానొస్తే పాట రాకూడదట, దండెం మీద బట్టలు తియ్యడానికి పరిగెత్తాలట. చెడ్డవాడు కూడా ఆకలేసి అన్నం తినాలట. "ఆడు తింటుంటే మనకి జాలెయ్యాల. ఒక్క నిమిషమే. మళ్ళీ కోపమొచ్చీయాల." నేను ఎం.ఏ. చదివాను, ఆదివారం పేపర్లలో సినిమా వ్యాసాలూ చదువుతాను. సినిమా గురించి ఇంతకంటే పనికొచ్చే మాట నాకెక్కడా కనబడలేదు.

ఆవిడ అందరికీ చెప్పే సినిమాల్లో మూడు ముఖ్యమైనవి. మొదటిది, ఇద్దరన్నదమ్ములు ఇల్లు పంచుకుని నడిమధ్య గోడ కట్టుకునే సినిమా. రెండోది, ఊళ్ళోకొచ్చే ఉత్తరాలన్నీ దొంగచాటుగా విప్పి చదివే పోస్టుమాస్టరు కూతురి సినిమా. మూడోది, నాటకాల కంపెనీలో అందరికీ రంగులు పూసే ఆవిడ సినిమా. ఏది చెప్పినా చివరికి ఒకే మాట అంటుంది: "ముగింపు కోసమన్నా సూడాలే. అలాటి ముగింపు ఇప్పుడెవుడు తీస్తాడు?"

మా అమ్మ చెప్పే ముగింపులు నిజంగానే బాగుంటాయి. అన్నదమ్ములు కోర్టుకెళ్ళిన రోజున తోడికోడళ్ళిద్దరూ చెరోవైపు నుంచి రోకళ్ళతో గోడ పొడుస్తారు. పెద్దకోడలు మూడోసారి రోకలి ఎత్తేసరికి గోడ కూలుతుంది, అవతల చిన్నకోడలు మొహంనిండా సున్నంతో నిలబడి ఉంటుంది. పోస్టుమాస్టరు కూతురు దొరికిపోయాక, చదువురానివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి వాళ్ళ ఉత్తరాలు చదివిపెట్టడం మొదలెడుతుంది. ఒక ముసలమ్మకి కొడుకు ఉత్తరం చదువుతూ, అందులో లేని ముద్దొకటి తనే కలిపి చెబుతుంది. రంగులు పూసే ఆవిడేమో నాటకం మొదలయ్యే వేళకి పెట్టెకి తాళమేసుకుని ఊరెళ్ళిపోతుంది. మహారాజు వేషం వేసేవాడు ఉత్త మొహంతో స్టేజీ ఎక్కాల్సి వస్తుంది. ఇవన్నీ వింటూనే నేను పెద్దదాన్నయ్యాను.

పోయినేడాది నెట్ వచ్చే పెద్ద టీవీ కొన్నాం. పాత సినిమాలన్నీ అందులో ఉన్నాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం, అమ్మ సంతోషిస్తుందని అన్నదమ్ముల సినిమా పెట్టాను. ఏం జ్ఞాపకం అనుకున్నారు! "ఇప్పుడు సూడు, సిన్నకోడలు పిల్లడి సొక్కాకి గుండీ కుట్టి దారం పళ్ళతో తెంపుతాది" అంటుంది, తెంపుతుంది. "ఇప్పుడు బావిలో సేద జారిపోద్ది" అంటుంది, జారిపోతుంది. ఇంకో అరగంట ఉందనగా "పొయ్యి మీద పాలెట్టేను" అని లేచి వెళ్ళిపోయింది. నేను ఆఖరిదాకా చూశాను. రోకళ్ళూ లేవు, తోడికోడళ్ళూ లేరు. గోడ వానకి నాని చిన్నకోడలి మీద పడుతుంది, ఆమె పోతుంది, అన్నదమ్ములు శవం దగ్గర కావలించుకుని ఏడుస్తారు. శుభం కార్డు పడింది.

భోజనాల దగ్గర అడిగాను. "ఆ సినిమా ఆఖర్న ఏమవుతుందమ్మా?"

"ఎన్నిసార్లు సెప్పేను? రోకళ్ళతో పొడుస్తారు కద."

"మర్చిపోయావేమో."

"నేనేటి మర్చిపోవడం? నిన్న ఏ కూర తిన్నావో నీకు గేపకం నేదు గాని, ఆ సిన్నకోడలు కోక అంచు ఎలగుంటాదో నాకు తెలుసు."

అక్కడ మొదలైంది నా అనుమానం. ఆ వారం పోస్టుమాస్టరు కూతురి సినిమా పెట్టాను. సరిగ్గా ఇంకో అరగంట ఉందనగా అమ్మ దండెం మీద బట్టలని లేచింది. తర్వాతి వారం రంగులావిడ సినిమా. అప్పుడు కాళ్ళు కడుక్కుని దీపం పెట్టాలంది, టైము చూస్తే ఇంకా ఐదు కాలేదు. నేను దగ్గరికొచ్చే సమయానికి మంచినీళ్ళని లేచే పిల్లల్ని పరీక్ష హాల్లో ఎంతమందిని చూడలేదు! ఆవిడ తప్పించుకుంటోంది. అంటే తనకి జ్ఞాపకం పోతోందని ఆవిడకి తెలుసు, నా దగ్గర దాస్తోంది. మా స్కూల్లో ఒక మేడం అత్తగారికి ఇలాగే కొద్దికొద్దిగా మతి పోయి, చివరికి కన్నకొడుకుని "ఎవరు బాబూ నువ్వు" అని అడిగే స్థితి వచ్చింది.

పాత మార్కుల రిజిస్టరొకటి తీశాను. ఒక పేజీలో అమ్మ చెప్పింది, ఎదుటి పేజీలో సినిమాలో ఉన్నది, ఎర్రసిరాతో రాయడం మొదలుపెట్టాను. ఏడు సినిమాలయ్యాయి. ఏడింట్లోనూ మొదలూ మధ్యా అక్షరం పొల్లుపోలేదు, ఏడింట్లోనూ ముగింపు తప్పు. అక్కడితో ఆగానా? పప్పులో ఉప్పు రెండుసార్లు పడితే రాశాను. కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని ఇల్లంతా వెతికితే రాశాను. నన్ను మా పిన్ని పేరుతో పిలిస్తే తేదీతో సహా రాశాను. అదే నెలలో నేను స్కూటీ తాళం ఫ్రిజ్‌లో పెట్టి గంటసేపు వెతుక్కున్నాను. అది మాత్రం ఎక్కడా రాయలేదు.

విశాఖపట్నంలో ఉన్న మా తమ్ముడికి ఫోనులో అంతా చదివి వినిపించాను. వాడు కంగారుపడ్డాడు. "ఆలస్యం చెయ్యకూడదక్కా, నేను డాక్టరు దగ్గర టైము తీసుకుంటాను. ఈలోపల గ్యాసు దగ్గర ఒంటరిగా వదలకు. బయటికి కూడా పంపకు" అన్నాడు. అపాయింట్‌మెంటు ఆ పై శనివారానికి దొరికింది. అమ్మకి షుగరు పరీక్షకని చెప్పాం.

మర్నాటి నుంచి తెల్లవారకుండానే లేచి వంట నేనే చేసేసేదాన్ని. స్కూలుకి బయల్దేరేముందు గ్యాసు కట్టేసి, లైటరు అటక మీద పెట్టేదాన్ని. ఎదురింటావిడకి కాస్త కనిపెట్టి ఉండమని చెప్పాను. మార్కెట్టుకి ఒక్కదానివీ వెళ్ళొద్దన్నాను.

"ఎందుకే?" అంది అమ్మ.

"కాలు జారుతుందేమోనని."

"నా కాలుకేటైంది?"

నేను స్కూటీ తీశాను. ఇదివరకు నేను సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఇల్లంతా పోపు వాసనతో ఉండేది, అమ్మ గుమ్మంలో నిలబడి ఎవరికో సినిమా చెబుతుండేది. ఇప్పుడు పొద్దున్న నేను వండిపెట్టిన చల్లారిన అన్నం తిని, కట్టేసిన టీవీ ముందు కూచుంటోంది. వారం తిరిగేసరికి మనిషి చిక్కిపోయింది. సినిమాల గురించి ఎవరితోనూ ఒక్క మాట లేదు. కూరగాయలమ్మి తనే అడిగింది, "ఏటి మామ్మా, ఈ మధ్య సినిమాలేటీ సెప్పడం నేదు?" అని. "నాకేటి తెలుసమ్మా" అని లోపలికి వచ్చేసింది. నేనేం చేశాననుకున్నారు? 'ఉత్సాహం తగ్గింది' అని రిజిస్టర్లో రాసుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

శనివారానికి ఇంకా రెండు రోజులుందనగా అమ్మ చిన్ననాటి స్నేహితురాలు వచ్చింది. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే ఈడు. ఆవిడిప్పటికీ అక్కడే ఉంటోంది. కళ్ళద్దాలు మార్పించుకోవడానికి నర్సీపట్నం వచ్చి, బస్సుకి టైముందని మా ఇంటికొచ్చింది. ఆ రోజు మాకు సెలవు. చాలా రోజులకి అమ్మ మొహం వికసించింది. "టీ ఎడతాను" అని లేచింది. నేను లైటరు దించి ఇచ్చాను. స్నేహితురాలు ఆ లైటరు వైపోసారి, నా వైపోసారి చూసింది.

అమ్మ వంటింట్లోకి వెళ్ళగానే నాలో ఇన్విజిలేటరు లేచింది. సాక్షి దొరికింది అనుకున్నాను. అదే హాలు, అవే సినిమాలు, అదే వయసు. ఈవిడ ముగింపు సరిగ్గా చెప్పిందంటే అమ్మకి జబ్బున్నట్టు ఇంక సందేహమే లేదు. డాక్టరుకి ఆ మాట కూడా చెప్పొచ్చు. గొంతు తగ్గించి అడిగాను.

"పిన్నీ, మీరంతా చిన్నప్పుడు సినిమాలకొచ్చేవారట కదా. ఆ పోస్టుమాస్టరు కూతురి సినిమా ఆఖర్న ఏమవుతుంది?"

"ఓలమ్మ, ఆ సినిమానా!" అంది ఆవిడ, కళ్ళు మెరిపిస్తూ. "ఆ గుంట అందరికీ ఉత్తరాలు సదివెడతాది కద. ముసలమ్మకి కొడుకు ఉత్తరం సదివి, అందులో నేని ముద్దొకటి కలిపి సెప్తాది. నాకిప్పటికీ ఏడుపొస్తాది తల్లీ."

నేను కుర్చీ ముందుకి జరిపాను. "మరి అన్నదమ్ముల సినిమా?"

"రోకళ్ళతో పొడుస్తారు. పెద్దకోడలు మూడోసారి ఎత్తీసరికి గోడ పడిపోద్ది."

మా వృత్తిలో ఒక లెక్కుంది. ఇద్దరు పిల్లలు ఒకే సరైన జవాబు రాశారంటే ఇద్దరూ చదివారనుకోవచ్చు. ఇద్దరూ ఒకే తప్పు, అదే మాటల్లో రాశారంటే అది కాపీ. అందులో తిరుగులేదు. జబ్బుతో మర్చిపోతే ఎవరి మరుపు వారికుంటుంది, మూడో రోకలిపోటు దాకా ఇద్దరికీ ఒకేలా ఎందుకుంటుంది? వీళ్ళిద్దరూ ముందే కూడబలుక్కుని నన్ను ఆటపట్టిస్తున్నారా అని కూడా ఒక్క క్షణం అనుమానించాను. నా బుద్ధి అలాంటిది.

"పిన్నీ, సినిమాలో అలా లేదు. నేను చూశాను. ఆ అమ్మాయి ఏట్లో దూకి చచ్చిపోతుంది" అన్నాను.

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నిజమేనా? సచ్చిపోద్దా?" అంది. కాసేపు నిజంగా బాధపడింది. తర్వాత ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది, కొత్త కళ్ళద్దాలు జారిపోయేంతగా నవ్వింది.

"మాకెలగ తెలుస్తాది తల్లీ? ఆఖరిదాకా మేమెప్పుడు సూసేం? మా ఊరికి సివరి బస్సు ఐదూ ముప్పావుకి. ఆట వదిలీసరికి ఆరవుద్ది. ఇంకో అరగంట ఉందనగా లేచిపోయి, పమిటలు నడుముకి బిగించి, బస్సుకి పరిగెత్తీవోళ్ళం. ఏడుగురం. తరవాతేటవుద్దని బస్సులో దెబ్బలాడుకునీవోళ్ళం. నువ్వొకటి అంటే నేనొకటి. ఊరొచ్చీసరికి ఏదో ఒకటి కాయం సేసీవోళ్ళం. సినిమాకి రానోళ్ళందరికీ అదే సెప్పీవోళ్ళం. మా ఊరంతటికీ అదే ముగింపు."

"ఒక్కసారి కూడా ఎవరూ ఉండిపోలేదా?"

"ఒకర్తి ఉండిపోనాది. బస్సు తప్పిపోయి, నడిసొచ్చి, ఇంట్లో తన్నులు తింది. మర్నాడు నూతికాడ ముగింపు సెప్పబోతే మేమే నోరు ముయ్యమన్నాం. మాదే బాగుందని."

అమ్మ టీ గ్లాసులతో వచ్చింది. "ఏటే నవ్వుతున్నావు?" అంది. "నీ కూతురు నాకు పరీచ్చెట్టింది. పెయిలైపోనాను" అంది స్నేహితురాలు. అమ్మ నా వైపు చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది. టీ ఎలా తాగానో తెలియదు. ఆవిడని బస్ కాంప్లెక్స్‌లో దింపి ఇంటికొచ్చేసరికి అమ్మ కుర్చీలో కదలకుండా కూచుని ఉంది.

"ఏటి పరీచ్చ?" అంది.

ఇంక దాచలేదు. రిజిస్టరు సంగతి, తమ్ముడి సంగతి, గ్యాసు సంగతి, డాక్టరు సంగతి, అన్నీ చెప్పేశాను.

"నాకు మతి పోయిందనుకున్నావా?"

"అనుకున్నానమ్మా."

"నోరు తెరిసి అడగొచ్చు కదే. ఇలగెందుకు సెప్తున్నావమ్మా అని ఒక్క మాట. సెప్పీదాన్ని కద."

ఏడుపొచ్చేసింది నాకు. ఆవిడ నన్ను ఓదార్చలేదు, కోప్పడనూ లేదు. "ఆ పుస్తకం తే. సదువు" అంది. వద్దన్నాను. "సదవ్వే" అంది గట్టిగా.

ఎదురుగా కూచుని చదివాను. ఎడమ పేజీ చదివినప్పుడు ఊరికే వింది. కుడి పేజీ దగ్గర ప్రతిసారీ నన్ను ఆపింది. "గోడ సిన్నకోడలి మీద పడిపోద్దా?" అంది. "రంగులామె స్టేజీ ఎనకాలే సచ్చిపోద్దా? ఆ మహరాజు ఏసగాడు ఏడిసి, ఆమె పటానికి దండేస్తాడా?" అంది. నేను రాసుకున్న ఏడు సినిమాల్లో అయిదింట్లో ఆడమనిషి చచ్చిపోతుంది. రాసేటప్పుడు ఆ సంగతి నాకు తట్టనే లేదు, తప్పులు లెక్కపెట్టుకోవడమే సరిపోయింది.

"అవి మీరు కల్పించినవని నీకు తెలుసు కదమ్మా?"

"తెలుసు. మొదట్లో తెలుసు. ఇన్నేళ్ళు సెప్పీసరికి అదే సినిమా అయిపోనాది. టీవీలో నువ్వెడితే, ఆ టైముకి కాళ్ళు వాటంతటవే లేసిపోతాయి. మరోటి, సూసీస్తే మాది పోద్ది కద." రిజిస్టరు నా చేతిలోంచి తీసుకుని మూసేసింది. "ఆ బస్సులో ఏడుగురం ఉండీవోళ్ళం. ఒక్కదాన్నీ సావనీలేదు."

తమ్ముడికి ఫోను చేసి శనివారం రావడం లేదని చెబుతానన్నాను. ఫోను తీశాను కూడా.

"వద్దు, ఎల్దాం. టైము తీసుకున్నాడు కద, పాపం" అంది అమ్మ. "డాక్టరు ఏటి సెప్తాడో ఎవుడికి తెలుసు? ఇయ్యాల కాకపోతే రేపు నిజంగానే పోవచ్చు మతి. మా అమ్మకి పోనాది. అప్పుడు మాత్రం నేనేటి సెప్పినా పక్కన నిజం రాసి ఎట్టకు. ఊఁ కొట్టు, సాలు."

"అలాగేనమ్మా."

"ఇప్పుడే కొట్టు సూద్దాం" అని, నేనెప్పుడూ వినని సినిమా ఒకటి మొదలుపెట్టింది. లైట్‌హౌసులో దీపం వెలిగించేవాడి పెళ్ళాం కథ. అలాంటి సినిమా ఒకటి నిజంగా ఉందా, లేక అమ్మ ఇప్పటికిప్పుడు అల్లుతోందా? అనుమానం రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. ఫోను నా చేతిలోనే ఉంది.

వెతకలేదు. ఊఁ కొట్టాను.